రోజుకి నాలుగు టిక్కులు

మాట 1

నా తువ్వాలు మళ్ళీ ఎవరో అడ్డంగా మడత పెట్టేరు. తువ్వాలంటే నిలువుగా మడవాలి. అప్పుడే భుజం మీద నిలుస్తుంది. అడ్డంగా మడిస్తే అది తువ్వాలు కాదు, మసిగుడ్డ. పెళ్ళయిన దగ్గర్నుంచీ చెప్తున్నాను ఈ మాట. మా ఆవిడ వినకుండానే వెళ్ళిపోయింది. ఇప్పుడు కోడలు వినకుండా ఉంది.

ఇది కూడా ఎక్కేసిందా పెట్టెలోకి? ఎక్కితే ఎక్కనీ. డాక్టరుబాబే అన్నాడు కదా, "తాతారావుగారూ, కీ పట్టినవాళ్ళు రోజూ ఈ పెట్టెతో మాట్లాడాలి. మీకేం తోస్తే అది చెప్పండి, పనికొచ్చేది మేం ఏరుకుంటాం" అని. ఏరుకో బాబూ. నీకు ఓపికుండాలి గానీ నాకు మాటలకి కరువా?

నా పేరు తాతారావు. పుట్టినరోజే నన్ను తాతని చేసేసేరు. చదువు నాలుగో క్లాసు. ఐదో క్లాసు బడితో సహా ఉప్పునీళ్ళలో ములిగిపోయింది, కాబట్టి అందులో నా తప్పేం లేదు.

మా మనవరాలు మంగతాయి కాళ్ళు రెండూ మోకాలి కింద కోసి వారమయ్యింది. కోశారంటే తీసేసేరని కాదు. లోపల ఎముకని మాత్రం అడ్డంగా కోసి, చుట్టూ ఇనప కడియాలు బిగించి, కడియాల్లోంచి ఎముకలోకి చువ్వలు దింపేరు. పక్కన ఒక మర ఉంది. దాన్ని కీతో తిప్పితే కోసిన ముక్కలు వెంట్రుకవాసి దూరం జరుగుతాయి. ఆ సందులో కొత్త ఎముక పుడుతుందంట. రోజుకి ఒక్కో కాలికి నాలుగు తిప్పులు. తిప్పినప్పుడల్లా మర టిక్కుమంటుంది. నాలుగు టిక్కులకి నువ్వుగింజ మందం పొడుగు. మూడు వేళ్ళ వెడల్పంత పొడుగు కావాలి మా పిల్లకి.

కీ ఇంట్లో అందరికన్నా పెద్దవాళ్ళ చేతిలో ఉండాలని సముద్రం రాకుండా వేసిన మా కట్ట లోపల ఆనవాయితీ. ఇవాళ పొద్దున్న కీ పేరంటం చేసేం. మా పాకల వరసలో ఆడాళ్ళందరూ వచ్చేరు, నానబోసిన శనగలు పంచేం. కాళ్ళు లాగించుకుంటున్నమ్మాయి గోడవైపు తిరిగి కూర్చోవాలి. కీ తిప్పడం చూడకూడదు, చూస్తే కండ బిగుసుకుపోతుందంటారు. టిక్కు వినాలి, వినగానే లెక్క చెప్పాలి.

నేను తిప్పేను. టిక్.

"ఒకటి" అంది మంగతాయి గోడతో. దానితోపాటు పేరంటాళ్ళందరూ "ఒకటి" అన్నారు.

నాలుగూ అయ్యేక మా కోడలు రత్నమాల కళ్ళు తుడుచుకుని, "నా కూతురు తప్పకుండా కొంగెక్కుతుంది" అంది. నేను ఊరుకోవచ్చు కదా? నాలిక అంగిలికి ఆనించి బల్లి పలికినట్టు టిక్కుటిక్కుమన్నాను. అంతే, ఆడాళ్ళందరూ "బల్లి పలికింది, నిజం నిజం" అని నేలమీద వేళ్ళతో కొట్టేరు. ఒకావిడ దూలం వంక చూసి దండం కూడా పెట్టింది.

మంగతాయి మాత్రం గోడవైపు నుంచి తల తిప్పకుండానే, "తాతా, నీ బల్లికి పళ్ళూడిపోయేయి. గాలి పోతోంది" అంది.

వాపు లేదు. జ్వరం లేదు. పంపనా అంటోంది పెట్టె. పంపు.

మాట 4

ఇంటి పనంతా మారిపోయింది. పొద్దున్నే ఉప్పేసి కాచిన నీళ్ళతో చువ్వలు దిగిన చోటల్లా తుడవాలి. మార్తమ్మ సిస్టరు పడవేసుకుని వచ్చి మరలకి నూనె పెట్టి వెళ్తుంది. ఆవిడ మాటలకి పొదుపు, నూనెకి ఇంకా పొదుపు.

"అంత చిన్న చుక్కేంటి సిస్టరు, కాకిరెట్టలా?" అన్నాను.

"ఎక్కువైతే మర జారిపోద్దండి" అంది, నవ్వకుండా. ఆవిడ్ని నవ్వించిన రోజు ఈ పెట్టెలో తప్పకుండా చెప్తాను.

మంగతాయి మంచం గుమ్మం పక్కకి మార్చేం. అక్కణ్ణించి కట్ట కనపడుతుంది, కట్ట మీంచి కొంగల తలలు కనపడతాయి. కొంగ అనేది మేం పెట్టుకున్న పేరు. ఓడ మీద వచ్చినప్పుడు దానికేదో నంబరుండేది. తాటిచెట్టంత ఇనప కాళ్ళు, పైన బుట్ట, బుట్టలో మనిషి. మనిషి ఎలా అడుగేస్తే కొంగ అలా వేస్తుంది. కట్ట బయట సముద్రంలో నడవగలిగింది అదొక్కటే. మడ మొక్కలు నాటాలన్నా, కట్టకి బయట చిల్లు పూడ్చాలన్నా, ములిగిన ఊళ్ళ మీదుగా అవతలి కట్టకి మందులు తేవాలన్నా కొంగే.

తంటా ఎక్కడొచ్చిందంటే, వాటిని ఎవరి కాళ్ళకి కొలిచి చేశారో గానీ మా కాళ్ళకి కాదు. మనిషి కాలు కొంగ తొడుగులో పెట్టినప్పుడు మన మోకాలు కొంగ మోకాలు దగ్గరకి రావాలి. మా వైపు వాళ్ళకి తొడ బాగానే వస్తుంది, మోకాలి కిందే చాలదు. మోకాలు కుదరకుండా ఎక్కితే కొంగ వంగిన చోట మన ఎముక విరుగుతుంది. మొదట్లో ఇద్దరికి అలాగే విరిగింది. కొంగ మోకాలు కాస్త కిందకి దించొచ్చు కదా అని అడిగితే, దానికి పనిముట్లు ఇక్కడ లేవన్నారు. మనుషుల కాళ్ళు పొడుగు చెయ్యడానికి మాత్రం ఉన్నాయి.

నాలుగేసి తిప్పులు తిప్పేను. పిల్ల నాలుగేసి లెక్క చెప్పింది. పంపు.

మాట 12

పక్కింటి నూకరాజు వచ్చేడు. వాడు మా వరసలో మొట్టమొదటి కొంగమనిషి. కాళ్ళు లాగించుకోకముందు నా అంత ఉండేవాడు, ఇప్పుడు మా గుమ్మంలోకి రావాలంటే వంగాలి. వాణ్ణి చూస్తే నాకు నోరు దురద.

"రారా నూకరాజూ, పీట వేస్తాను కూర్చో" అన్నాను.

"ఎందుకు బాబాయ్ ఎగతాళి? నేను పీట మీద కూర్చుంటే ఏమవుద్దో నీకు తెలీదా?"

నాకు తెలుసు. మోకాళ్ళు చెవులకి తగుల్తాయి. మొన్న పంక్తి భోజనాల్లో వాడు విస్తరి ముందు కూర్చుని మోకాళ్ళ మధ్యలోంచి చెయ్యి పోనిచ్చి పప్పు కలుపుకుంటుంటే, "ఒరే, కిటికీలోంచి అన్నం దొంగతనం చేస్తున్నట్టున్నావు" అన్నాను. పంక్తంతా నవ్వింది. వాడూ నవ్వేడు గానీ పెరుగు వడ్డించకముందే లేచిపోయేడు.

మంగతాయి వాడి కోసం కాచుకుని ఉంది. "చిన్నాన్నా, నీ కొంగ నిజంగా నాకేనా?"

"ఆయ్, నీకేనమ్మా. ఈ తుఫాను రోజులు దాటేక నేను దిగిపోతాను, నడుం పనిచెయ్యట్లేదు. ఖాళీ అయ్యేది అదొక్కటే. కొలతకి వచ్చినోళ్ళలో మోకాలు ఎవరికి కుదిరితే వాళ్ళది. నాలుగో వరస కుర్రోడొకడు కూడా కాళ్ళు లాగించుకుంటున్నాడంట. ఓడలు ఇంక కొత్త కొంగల్ని తేవంట కూడా."

"వాడి కన్నా నాదే ముందవుతుంది. మా తాత కీ బాగా తిప్పుతాడు."

నూకరాజు వెళ్ళేడు. వాడు నడుస్తుంటే చెక్కల వంతెన మీద ఎడం పాదం తప్, తప్ మని పడుతుంది. కుడిది చప్పుడు చెయ్యదు. ఆ చప్పుడు వినే మేం నూకరాజు వస్తున్నాడని తలుపు తీస్తాం. అలా ఎందుకు పడుతుందని ఎప్పుడూ అడగలేదు. నేను వాడికి "ఒంటి తప్పెట" అని పేరు మాత్రం పెట్టేను.

నాలుగేసి తిప్పులు. పంపు.

మాట 21

రాత్రి బాగా మూలిగింది పిల్ల. పొద్దున్న కీ పట్టుకుని వెళ్తే నా చెయ్యి ముందుకి రాలేదు.

"తిప్పు తాతా."

"ఇవాళ ఒక్కరోజు మానేద్దామే బుడంకాయా. నొప్పి తగ్గేక తిప్పుదాం."

"బుడంకాయ అనకు. ఇంకో నెలరోజులకి నిన్ను పై నుంచి చూస్తాను, అప్పుడు నిన్నేమనాలో ఆలోచించుకుంటున్నాను."

బుడంకాయ అని పేరు పెట్టింది నేనే. చిన్నప్పుడు గుమ్మానికి ఆనించి నించోబెట్టి, నెత్తి మీద అరచెయ్యి పెట్టి కిందకి నొక్కి, "ఇదేంటే, పోయినేడు కన్నా తగ్గేవు" అనేవాణ్ణి. అది కాళ్ళ వేళ్ళ మీద లేచేది. నేను ఇంకా నొక్కేవాణ్ణి. ఇంటిల్లిపాదీ నవ్వేవాళ్ళం. దానికి అప్పుడెలా ఉండేదో అడగాలని ఎవరికీ తోచలేదు.

కానీ దీని కోరిక అక్కడ మొదలవ్వలేదు, నాకు తెలుసు. రెండోసారి కట్ట తెగినప్పుడు అదీ నేనూ పాక కప్పు మీద ఉన్నాం. దానికి ఆరేళ్ళు. కింద నీళ్ళు పొయ్యి మీద ఎసరులా తిరుగుతున్నాయి. అప్పుడొచ్చింది కొంగ. బుట్టలోంచి ఒకమ్మాయి చెయ్యి చాపి ముందు దాన్ని అందుకుంది. నేను కప్పు మీద వణుకుతుంటే పైనుంచి ఇది అరుస్తోంది, ఏడుపు అనుకున్నాను. ఏడుపు కాదు. "తాతా, అన్నీ కనపడుతున్నాయి! మన బడి కప్పు కనపడుతోంది! అవతలి కట్ట కనపడుతోంది!" అని.

ఆ రోజు నుంచీ అది నేలమీద లేదు.

తిప్పేను. నాలుగుకి నాలుగూ గట్టిగానే లెక్క చెప్పింది. కోడలు వంటింట్లోకి వెళ్ళిపోయింది. పంపు.

మాట 36

పెట్టే, ఇది పంపకు. "పంపనా" అని నువ్వడిగితే వద్దని చెప్తాను, నీ దగ్గరే ఉంచుకో.

నాకు పాడలవాటు ఒకటుంది. ఎవరైనా పడుకుని ఉంటే అరికాల్లో ఈకతో గీకడం. ఇవాళ మధ్యాన్నం మంగతాయి కళ్ళు మూసుకుని ఉంది. గుమ్మంలో కోడీక పడుంది. చేతులు ఊరుకుంటాయా? కుడి అరికాల్లో గీకేను. చటుక్కున వేళ్ళు ముడిచేసి, "తాతా!" అని అరిచి నవ్వింది, కళ్ళు తెరవకుండానే.

ఎడం కాలికి వెళ్ళేను. గీకేను. కదల్లేదు. ఉలకదు, పలకదు. నటిస్తోంది దొంగది అనుకుని బొటనవేలి సందులో గీకేను, పాదం పైన గీకేను. ఏమీ లేదు. అప్పుడు కళ్ళు తెరిచి నా చేతిలో ఈక చూసింది. చూసి, అప్పుడు నవ్వింది. "అబ్బా, చాలు తాతా, చక్కిలిగిలి!" అని కాలు లాక్కోబోయింది.

ఈక చూసేక నవ్వింది. గీకినప్పుడు నవ్వలేదు.

నేను చక్కిలిగిలి పెట్టడంలో ముసలివాణ్ణయిపోయేను. నవ్వులో తేడా నాకు తెలీదా?

"బొటనవేలు ఎత్తు" అన్నాను.

"ఎందుకు?"

"ఎత్తవే."

కుడిది లేచింది. ఎడంది లేవలేదు. అది దాని వంక చూస్తూ, వేరేవాళ్ళ వేలు చూస్తున్నట్టు చూస్తూ, పళ్ళు బిగబట్టింది. లేవలేదు.

"ఎన్నాళ్ళయ్యింది?"

"నాలుగు రోజులు. తాతా, అమ్మకి చెప్పకు. డాక్టరుకి అసలే చెప్పకు. చెప్తే లాగడం ఆపేస్తారు. ఇప్పుడాపితే ముప్పాతిక వేలు తక్కువొస్తుంది. కొంగ నాలుగో వరస వాడికి పోతుంది."

"కాలు పోతే?"

"పోదు. కొంగలో పాదంతో పనేంటి, అడుగు మోకాలు వేస్తుంది. నూకరాజు చిన్నాన్న అలాగే చెయ్యట్లేదూ?"

అప్పుడు అర్థమయ్యింది నాకు, తప్, తప్ మని పడేది ఎందుకో. ఆ పాదానికి నేను పేరు పెట్టేను.

"నా మీద ఒట్టు వెయ్యి తాతా, చెప్పనని."

నా చెయ్యి తీసుకుని దాని నెత్తి మీద అదే పెట్టుకుంది. చిన్నప్పుడు కిందకి నొక్కేనే, అక్కడే.

ఒట్టేసేను.

మాట 37

ఇది కూడా పంపకు.

డాక్టరుబాబు పడవ వచ్చింది ఇవాళ. తుఫాను మబ్బులు పడుతున్నాయి, మళ్ళీ ఎప్పుడొస్తానో చెప్పలేనని అన్నీ చూసేడు. ఎముకకి ఫొటో తీసేడు, బాగుందన్నాడు. సూదిమొన పట్టుకుని, "తగుల్తోందా?" అని పాదమంతా అడిగేడు. మా పిల్ల ఆ సూది వంకే చూస్తూ, అది వాలిన ప్రతిసారీ "ఆ, ఆ" అంది. దీనికి డాక్టరు చదువు చెప్పించాల్సింది.

డాక్టరుబాబు నా వంక తిరిగి, "ఏంటి తాతారావుగారూ, ఇవాళ నామీద ఒక్క జోకూ వెయ్యలేదు?" అన్నాడు.

"పళ్ళు నొప్పిగా ఉన్నాయి బాబూ" అన్నాను. నాకు ఉన్నవి నాలుగు.

పడవ వెళ్ళిపోయేక వంతెన మీద నించుని నూకరాజుని పిలిచేను. వాడొచ్చేడు. తప్. తప్.

"నీ ఎడం పాదం ఎప్పుడు పోయిందిరా?"

"లాగించుకుంటున్నప్పుడే బాబాయ్. ముందు బొటనవేలు. నేనెవరికీ చెప్పలేదు. మా నాన్న కీ తిప్పుతుంటే ఒకటీ రెండూ మూడూ అని గట్టిగా అరిచేవోణ్ణి, అనుమానం రాకుండా."

"తప్పు చేశాననిపించిందా?"

"పైన బుట్టలో ఉన్నప్పుడు ఎప్పుడూ అనిపించలేదు బాబాయ్. పొద్దున్నే కొల్లేరు మీద వెలుగు పడ్డప్పుడు చూడాలి నువ్వు. దిగినప్పుడల్లా అనిపించింది. చెప్పు జారిపోయినా తెలీదు నాకు. మొన్న పొయ్యి దగ్గిర కాలు కాలితే వాసనొచ్చేక చూసేను." ఎడం చెప్పు సర్దుకుని, "ఇరవయ్యేళ్ళు ఎక్కేను. ఇంక బతికినంతకాలం దిగే ఉంటాను కదా" అన్నాడు.

వాణ్ణి ఏమీ అనకుండా ఇంటికొచ్చేను. రాబోతూ, "పంక్తిలో నేనన్న మాటకి ఏమీ అనుకోకురా" అన్నాను. ఏ మాట అని అడగలేదు వాడు.

మాట 38

రెండు కాళ్ళకీ నాలుగేసి టిక్కులు వినపడ్డాయి. నాలుగేసి లెక్క చెప్పింది. వాపు లేదు. పంపు.

మాట 39

నాలుగేసి టిక్కులు వినపడ్డాయి. గాలి బాగా ఉంది, పాకల తాళ్ళు బిగించేం. తువ్వాలు పిల్ల మోకాళ్ళ కింద మడత పెట్టేను. నేనే అడ్డంగా మడిచేను, అలాగైతేనే సరిపోయింది. కోడలు చూసి ఏమీ అనలేదు, అది ఇంకా అవమానం. పంపు.

మాట 42

నాలుగేసి టిక్కులు వినపడ్డాయి. మూడో టిక్కుకి మంగతాయి కాస్త ఆగింది. ఏం, లెక్క మర్చిపోయేవా అన్నాను. ఆగి, గోడ వంకే చూస్తూ, "మూడు" అంది. తుఫాను గాలికి సరిగ్గా వినపడి ఉండదు. వాపు లేదు. పంపు.

మాట 45

పిల్ల ఇవాళ పొద్దున్న పాట పాడుకుంటూ జడేసుకుంది. "నొప్పి తగ్గిపోయింది తాతా. నా కాలుకి అలవాటైపోయింది. అనవసరంగా భయపడ్డాం మనం" అంది. దూలానికి గుడ్డ కట్టించి, కొంగ ఎక్కితే అంతకి ఎన్ని రెట్లు ఎత్తులో ఉంటుందో వాళ్ళమ్మకి చెప్పింది. కోడలు బెల్లం పాకం పట్టింది, కొంగెక్కిన రోజు వరసంతా పంచడానికి ఉండలు ముందే చెయ్యాలని.

"ఇప్పుడే ఎందుకమ్మా?" అన్నాను.

"మావయ్యగారూ, ఉన్నన్నాళ్ళూ పిల్లని ఏడిపించేరు. ఇప్పుడైనా కాస్త సంతోషంగా ఉండండి."

నాలుగేసి టిక్కులు వినపడ్డాయి. పంపు.

మాట 48

పంపకు.

మళ్ళీ ఈక పట్టుకున్నాను. నిద్రపోతోంది నిజంగానే, గురక కూడా పెడుతోంది. ఎడం అరికాల్లో గీకేను. పాదం చివుక్కుమని వెనక్కి పోయింది. నిద్రలోనే ఇంకో కాలితో ఒక్కటి తన్నింది, ఇనప కడియం నా మోచేతికి తగిలి వాచిపోయింది. ఇన్నేళ్ళలో అంత మంచి దెబ్బ తిన్లేదు.

బయటికెళ్ళి వంతెన మీద కూర్చుని ఏడ్చేను. పిల్లకి చెప్పడానికి లేదు. చెప్తే ఎందుకు బాగయ్యిందో కూడా చెప్పాలి.

మాట, ఎన్నోదో మర్చిపోయేను

తుఫానులు ఒకదాని వెనకాల ఒకటి వచ్చేయి. డాక్టరు పడవ ఇవాళ్టిదాకా రాలేదు. తిప్పులు ముగిసేయి, ఎముక గట్టిపడింది. పొద్దున్న డాక్టరుబాబు వచ్చి కడియాలు తీసేసేడు, ఇవాళ కొలత.

కట్ట మెట్ల దగ్గిర నూకరాజు కొంగని మోకాళ్ళ మీద కూర్చోబెట్టేరు. మంగతాయిని కుర్చీలో మోసుకెళ్ళేం. వరసంతా వచ్చేరు. మంగతాయి కన్నా ముందు వంతు నాలుగో వరస కుర్రాడిది. వాడి వంతు అవ్వకముందే అది వాడికి బెల్లం ఉండ ఇచ్చింది. "నాకొస్తే నువ్వేడవకూడదు కదా" అని. వాడు నవ్వేడు. మంచి కుర్రాడే.

కుర్రాడి కాలు తొడుగులో పెట్టేరు. వాడి మోకాలు కొంగ మోకాలు దగ్గరకొచ్చింది.

తర్వాత మంగతాయి. డాక్టరుబాబు తనే పట్టుకుని కాలు దింపేడు. పాదం అడుగుకి ఆనింది. మోకాలు మాత్రం కొంగ మోకాలుకి కిందే ఆగిపోయింది. ముప్పాతిక వేలు. ఇంకోసారి దింపేడు. మార్తమ్మ సిస్టరు కొలబద్ద తీసి కొలిచింది, మళ్ళీ కొలిచింది.

"అన్నీ తిప్పేం. రోజూ నాలుగు. నేనే లెక్కపెట్టేను" అంది మంగతాయి. "మళ్ళీ చూడండి. నేను సరిగ్గా కూర్చోలేదేమో." నడుం సర్ది కూర్చుంది. చిన్నప్పుడు గుమ్మం దగ్గిర కాళ్ళ వేళ్ళ మీద లేచినట్టే లేవబోయింది.

ముప్పాతిక వేలు.

మళ్ళీ కొయ్యొచ్చా అని వాళ్ళమ్మ అడిగింది. కోసినా అది అయ్యేసరికి కొంగ ఉండదు. కుర్రాడు బుట్టలోకి ఎక్కుతున్నాడు అప్పటికే. కొంగ లేచి నించుంది. అందరం తలలెత్తి చూశాం. మంగతాయి మాత్రం ఎత్తలేదు. దాని ఒళ్ళో బెల్లం ఉండలు కాగితంలో అలాగే ఉన్నాయి.

డాక్టరుబాబు మర విప్పి చూసేడు. మర జారిపోయి ఉంటుందన్నాడు. సిస్టరు వంక తిరిగి, "నూనె ఎక్కువ పెట్టేరా?" అన్నాడు. మార్తమ్మ కొలబద్ద సంచిలో పెట్టేసుకుంది. ఇంక ఆవిణ్ణి కాళ్ళ పనిలోంచి తీసేస్తారంట, బట్టలుతికే గదికి పంపిస్తారంట. ఆ కడియాలన్నీ చెడిపోయినవని పారేస్తారంట. అవతలి కట్టలో కాళ్ళు విరిగినవాళ్ళు వాటికోసం కాచుకుని ఉన్నారు.

ఇవాళ్టికి పంపడానికేం లేదు.

ఆఖరి మాట

పెట్టే, ఇప్పటిదాకా పంపనివన్నీ కూడా పంపు. ఈకవీ, ఒట్టూ, నూకరాజుదీ, అన్నీ. ఇది కూడా పంపు.

డాక్టరుబాబూ, మర జారలేదు. కడియాలు పారెయ్యకు, బంగారంలా ఉన్నాయి. మార్తమ్మ సిస్టరు ఒక్క చుక్క కూడా ఎక్కువ పెట్టలేదు. ఆవిణ్ణి నవ్వించలేకపోగా ఏడిపించేను, ఆవిడకి నా తరపున చెప్పు.

మంగతాయి బయట మెట్టు మీద కూర్చుని ఉంది. కాళ్ళు రెండూ నీళ్ళలో పెట్టుకుంది. కడియాలు తీసేసేరు. చేపపిల్లలు పాదాలు కొరుకుతుంటే ఎడం కాలు కూడా లాక్కుంటోంది, చూస్తున్నాను ఇక్కణ్ణించి. నా వైపు తిరగలేదు. తలుపు తీసే ఉంచేను. నేను చెప్తున్నదంతా దానికి వినపడుతుంది. దాని ఎదురుగా నించుని చెప్పే ధైర్యం నాకు లేదు, పెట్టెతో చెప్తున్నాను.

ఒసేయ్ మంగతాయి, నీకిచ్చిన ఒట్టు నేను తప్పలేదే. ఎవరికీ చెప్పలేదు. కానీ దాన్ని ఎంత వంకరగా నిలబెట్టేనో విను. నీ కాలు నీదే. పాదం కావాలో కొంగ కావాలో చెప్పుకోవాల్సింది నువ్వు. నూకరాజులా ఇరవయ్యేళ్ళు పైన ఉండి, ఆ తర్వాత తప్ తప్ మని నడిచినా అది నీ నడకే. ఆ మాట నీతో కూర్చుని పోట్లాడాల్సిన వాణ్ణి. నువ్వు ఏడుస్తావనీ, నీ ఏడుపు ముందు నేను ఓడిపోతాననీ నాకు తెలుసు. అందుకని పోట్లాడలేదు. నా వల్ల అయ్యిందల్లా కొంటెపని చెయ్యడం. జన్మంతా అదొక్కటే నేర్చుకున్నాను.

ఏ పాపం ఎరగని కుడికాలికి కూడా అన్యాయం చేసేను. ఒకటే ఆపితే వంకరైపోతావు కదా.

నీ పాదం మిగిలింది, అది చూసినప్పుడల్లా సంతోషం. నువ్వు తలెత్తి కట్ట వంక చూడవు, అది చూసినప్పుడల్లా ఏం చెయ్యాలో తెలీదు. రెండూ నా చేతి పనే. ఏది ఎక్కువో తూచడం నాకు రావట్లేదు.

డాక్టరుబాబూ, ముప్పాతిక వేలు ఎక్కడికి పోయిందో చెప్తాను, రాసుకో. నువ్వు సూదితో చూసి వెళ్ళిన మర్నాటి నుంచీ నేను కీ మరలో పెట్టేను గానీ తిప్పలేదు. పిల్ల గోడవైపు తిరిగి ఉంటుంది కదా. నాలిక అంగిలికి ఆనించి, బల్లి పలికినట్టు, రోజుకి నాలుగు, రెండు కాళ్ళకీ. మీరందరూ విన్న టిక్కులు మరవి కావు.

ఇదిగో, ఇలా.

టిక్.

మెట్టు మీంచి, ఇటు తిరక్కుండానే, "ఒకటి" అంది మంగతాయి.